ఇంకా పెద్ద ఫ్రేము

మా ఆయన నర్సింగరావు నన్ను ఎప్పుడూ ఒక మాట అంటడు. "గిరిజా, నీకు అనుమానం ఎక్కువ. గుళ్లె ప్రసాదం పెట్టినా వాసన సూసి తింటవు." అననీ. ఆయన కూసునేది రైసు మిల్లుల. బియ్యం బస్తా ఎవడన్న కొంగుల దాసుకొని పోతడా? నేను కూసునేది కండ్లద్దాల దుకాణంల. అన్నీ అరచేతిల పట్టే సామాన్లు. ఇద్దరు ఆడోళ్లు కలిసి వస్తరు. ఒకామె ఫ్రేము పెట్టుకొని "ఎట్లున్నదక్కా" అని నన్ను మాటల్ల పెడ్తది. ఇంకొకామె సంచిల రెండు ఫ్రేములు మాయమైతయి. పద్దెనిమిదేండ్ల సంది సూస్తున్న. అనుమానం లేకుంటే నా దుకాణం ఎప్పుడో ఖతం అయ్యేది.

మా మిర్యాలగూడల ఆడోళ్లు కూలింగ్ గ్లాసులు సోకు కోసమే కొనరు. మిల్లులల్ల ఊక కాలుస్తరు. ఆ బూడిద గాలికి లేసి రోడ్డు మీదికి వస్తది. స్కూటీ మీద పొయ్యే పిల్ల కంట్ల ఒక్క నలుసు పడ్డదంటే బండి లారీ కిందికే. అందుకే నేను పెద్ద ఫ్రేమే ఇస్త. కనుబొమ్మ కాడ మొదలై చెంప సగం దాక కప్పాలె, పక్కల సందు ఉండొద్దు. గుండ్రటి మొఖానికి నలుపలకలది, కోల మొఖానికి గుండ్రటిది. ఇగ ఆఖరికి నా సొంత పరీక్ష ఒకటున్నది. ఫ్రేము పెట్టినంక "జర నవ్వుండ్రి" అంట. నవ్వితే చెంపలు లేస్తయి, చెంపల మీద కూసున్న పెద్ద ఫ్రేము కొద్దిగనన్న కదులుతది. మరీ లేసి కనుబొమ్మలు దాటితే సైజు తప్పు. జర కదిలితే సరిపోయినట్టు. అసలే కదలని మొఖం నేను పద్దెనిమిదేండ్లల్ల సూడలే. మొన్న మే నెల దాక సూడలే.

మాకు ఒక్కతే బిడ్డ, శిల్ప. దానికి మూడేండ్లప్పుడు ఇదే ఊక బూడిద కంట్ల పడి పుండు లేసింది. నెల రోజులు దవాఖానల ఉన్నం. కన్ను పోతది, మనసు గట్టి చేసుకోండ్రి అన్నరు. పోలె. అప్పటి సంది నాకొక అలవాటు పడ్డది. పొద్దుగాల మొదటి గిరాకీ ఇచ్చిన బోణీ నోటు ముందు నా కండ్లకు అద్దుకొని, తర్వాత శిల్ప కండ్లకు అద్ది, లక్ష్మి పటం కింద పెడ్త. ఇప్పుడు దానికి ఇరవై నాలుగేండ్లు. వేములపల్లిల బ్యాంకు ఉద్యోగం. అయినా రోజూ పోయే ముందు దుకాణం కాడ బండి ఆపి, కండ్లు మూసుకొని మొఖం ముందుకు పెడ్తది. "కానియ్యి తల్లీ, నాకు లేటయితున్నది" అని నవ్వుకుంటనే అంటది. ఆ నవ్వు సూడనిదే నాకు రోజు మొదలు కాదు.

ఆ రోజు సోమవారం. తొమ్మిదిన్నర కావస్తున్నది. షట్టరు లేపి, ఊడ్చి, ఊదుబత్తి ముట్టించిన. కరెంటు లేదు, ఫ్యాను ఆగింది. బయట ఎండ అప్పటికే కండ్లల్ల గుచ్చుతున్నది. వడ్ల లారీలు ఒకదానెంక ఒకటి పోతున్నయి. ఊదుబత్తి వాసన మెల్లగ పోయి, కాలిన ఊక వాసన వచ్చింది. మా ఊర్ల ఆ వాసన కొత్త కాదు. కానీ అది ఎప్పుడూ బయటి నుంచి లోపలికి వస్తది. ఆ రోజు దుకాణం లోపలనే పుట్టినట్టు అనిపించింది.

తలెత్తి సూస్తే కౌంటరు ముందు ఒకామె నిలబడి ఉన్నది. మెట్లెక్కిన చప్పుడు కూడ కాలె. యాభై దాటిన మనిషి. నేత చీర. కొంగు తల మీదికెల్లి చెవులు కప్పి గదుమ దాక చుట్టుకున్నది. ఎండకు మా దిక్కు అందరూ అట్లనే చుట్టుకుంటరు. కండ్లకు గుండ్రటి నల్లద్దాలు. కంటి పొర ఆపరేషనైనోళ్లకు ఇస్తరు సూడు, అసువంటియి. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉన్నది.

"ఆడవాళ్లకి పెద్ద ఫ్రేము కూలింగ్ గ్లాసులు ఉన్నాయాండీ?" అన్నది. మాట కోదాడ దిక్కు మాట.

"మస్తున్నయి. మీకేనా?"

"నాకేనండీ."

"అయితే ఆ పాతయి తీయుండ్రి. మొఖం సూస్తే గద ఏది నప్పుతదో చెప్పేది."

"ఇవి తీయనండీ. వీటి మీదే పెట్టుకుంటాను."

నాకు గుండె ఝల్లుమనలే, కోపమొచ్చింది. అద్దాల మీద అద్దాలేంది? ఈమెకు కండ్లకలక ఉండాలె, నా ఫ్రేములన్నీ పెట్టి సూసి ఊరందరికీ అంటిస్తది అనుకున్న. దూది, స్పిరిటు సీసా దగ్గర పెట్టుకున్న. ఆమె తోడు ఇంకొకతి ఎక్కడన్న నిలబడ్డదా అని గుమ్మం దిక్కు కూడ సూసిన. ఎవ్వరూ లేరు. బోణీ బేరం గాకుంటే "పెద్దయి లేవు, పో" అందును. మొదటి గిరాకీని వట్టిగ పంపద్దు గద.

నలుపలకల ఫ్రేము ఇచ్చిన. ఆమె దాన్ని అద్దాల మీద పెట్టుకొని, వేళ్లతోని అంచు పొడుగూత తడిమింది. గోడకు నిలువెత్తు అద్దమున్నది. ఆడమనిషి ఫ్రేము పెట్టుకొని అద్దంల సూసుకోకుంట ఉండుడు నేనెరుగ. ఈమె అద్దానికి వీపు పెట్టి నిలబడ్డది.

"ఇంకా పెద్దది ఉందాండీ?"

ఇంకోటి తీసిన. మళ్లీ తడిమింది. అంచు దాటి ఆమె వేలు చెంప మీదికి పోయింది, గాడ ఆగింది.

"ఇంకా పెద్దది?"

"అమ్మా, మీకు బయటికి కనపడాల్నా, మీరు కనపడొద్దా?"

"మొన్న సరిపోయింది ఇవాళ సరిపోవట్లేదండీ" అన్నది. నేనడిగినదానికి అది జవాబు కాదు.

దుకాణంల అన్నిటికంటే పెద్దదొకటున్నది, గోధుమ రంగుది. అసువంటియి రెండు తెప్పిస్తే ఎవరూ కొనలె. అందుల ఒకటి తీసి నేనే పెట్టిన. కాడలు చెవుల మీదికి తోస్తుంటే కొంగు మీదికెల్లి ఆమె చెవులు తగిలినయి. పాత అద్దాల కాడలు తగలలె. అద్దాలు అమ్మేదాన్ని, చెయ్యికి తెల్వదా? కొంగు మడతలల్ల ఉన్నయేమో అనుకున్న. మనిషి మాత్రం పొయ్యి పక్కన కూసున్నట్టు కాలుతున్నది.

"జర నవ్వుండ్రి" అన్న, అలవాటు కొద్దీ.

ఆమె నవ్వింది. పెదాలు ఇచ్చుకున్నయి, పండ్లు కనపడ్డయి, చప్పుడు కూడ వచ్చింది.

ఫ్రేము కదలలె.

వెంట్రుకవాసి కూడ కదలలె.

"ఇది చాలండీ... ఈ వారానికి" అని ఆమె పిడికిలి ఇప్పింది. అప్పటిదాక అది బిగించే ఉన్నది. నాలుగు మడతలు పెట్టిన నోటు, అంచులు నల్లగ మాడినయి. దొంగ నోటేమో అని ఎండకు పట్టి సూసిన. అన్నీ సరిగనే ఉన్నయి. తీసుకోకు అని లోపల ఏదో గుంజుతున్నది. అప్పుడే బయట శిల్ప హారన్ కొట్టింది.

"అమ్మా, కానియ్యి!"

ఆ తొందరల నోటు కండ్లకు అద్దుకున్న. నాకు చత్వారం అద్దాలున్నయి, నోటు వాటికే తాకింది. శిల్ప లోపలికొచ్చి కండ్లు మూసుకొని మొఖం ముందుకు పెట్టింది. దాని రెండు రెప్పల మీద అద్దిన. నోటు వెచ్చగున్నది. శిల్ప "అబ్బా, కాలుతుందేందే" అని నవ్వి, బండెక్కి పోయింది.

ఆమె ఇంకా గాడనే ఉన్నది.

"మీ అమ్మాయా?"

"ఆఁ."

"కళ్లకి అద్దారా?"

"అద్దిన. ఏం?"

ఆమె శిల్ప బండి పోయిన దిక్కు తిరిగింది. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ ఒక్కతేనండీ" అన్నది. "నన్ను మన్నించమ్మా."

మెట్లు దిగి ఎండలకు పోయింది. నేను పిచ్చిదాని లెక్క ఫ్రేములు సరిసూసుకున్న. అన్నీ ఉన్నయి. దొంగ గాదు. మరి మన్నించు అని ఎందుకన్నది?

ఆ సాయంత్రం శిల్ప బండి దిగంగనే సూసిన. రెండు కండ్ల చుట్టూ నల్లగ. కాటుక చెదిరిందనుకున్న. తడిబట్టతోని తుడిచిన, పోలె.

"నొప్పా బిడ్డా?"

"నొప్పేం లేదమ్మా. దూది పెట్టినట్టున్నది."

మంగళవారం కండ్ల డాక్టరు కాడికి తీసుకపోయిన. నిద్ర లేక నల్ల వలయాలు, కంప్యూటరు జర తక్కువ సూడు అని చుక్కల మందు రాసిండు. ఆయన చెప్పంగ నేను వినలె, ఆయన మొఖమే సూసిన. టార్చి వేసి, కొంచెం ఎన్కకు జరిగి, చేతులు రెండుసార్లు కడుక్కున్నడు.

బుధవారం శిల్ప బ్యాంకుకు పోలె. పదకొండు గంటలకు ముక్కు దాక చున్నీ కట్టుకొని దుకాణానికొచ్చింది. పెద్ద ఫ్రేములంటే అది ఎప్పుడూ ఎక్కిరిస్తది. "గుడ్లగూబ లెక్కుంటనమ్మా" అంటది. గసువంటిది, పెద్ద ఫ్రేముల అర కాడికి సక్కగ పోయి, ఒక్కొక్కటి తీసి పెట్టుకుంటున్నది. అద్దం దిక్కు వీపు పెట్టి.

వేళ్లతోని తడుముతున్నది.

నేను కౌంటరు దాటి దాని ముందల నిలబడ్డ.

అది గోధుమ రంగు రెండో ఫ్రేము పెట్టుకున్నది. "ఇంకా పెద్దది లేదా అమ్మా?" అన్నది.

"బిడ్డా... జర నవ్వు."

"ఇప్పుడా?"

"నీకు దండం పెడ్త, నవ్వు."

నవ్వింది. నా బిడ్డ నవ్వే, చిన్నప్పటి సంది ఎరిగిన నవ్వే. ఫ్రేము రాతిల దిగ్గొట్టినట్టు ఉన్నది. నేను రెండు చేతులతోని ఆ అద్దాలు లేపిన. కింద కండ్లు లేవు... ఉన్నయేమో, నాకు కనపడలె. కనుబొమ్మల నుంచి చెంపల దాక నున్నగ, నల్లగ, మెరుస్తున్నది. గాజు లెక్క. దాంట్ల రెండు చిన్న చిన్న గిరిజలు కనపడ్డయి. నోరు తెరుసుకొని నన్నే సూస్తున్నయి.

"అమ్మా, ఎందుకేడుస్తున్నవ్? మంచిగ లేవా?" అన్నది శిల్ప.

దాన్ని లోపలి గదిల కూసోబెట్టి తలుపు దగ్గరికేసిన. సూర్యాపేట వెంకన్నకు ఫోన్ చేసిన. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊర్ల దుకాణాలకు హోల్‌సేల్‌ల ఫ్రేములేసేది ఆయననే. ఏం అడగాల్నో తెల్వక, నోటికొచ్చిందే అడిగిన.

"వెంకన్నా, ఆడోళ్లకు ఇంకా పెద్ద ఫ్రేములు కావాలె. అన్నిటికంటే పెద్దయి."

అటు దిక్కు షట్టరు దించిన సప్పుడొచ్చింది.

"అక్కా," అన్నడు మెల్లగ. "కొంగు చుట్టుకొని ఒకామె వచ్చిందా?"

"వచ్చింది."

"బోణీ ఇచ్చిందా? కండ్లకు అద్దుకున్నవా?"

"నేను గాదు... శిల్ప."

"అయ్యో దేవుడా" అన్నడు. తర్వాత గుసగుసగ చెప్పిండు. కోదాడల విజయ అని ఒక పిల్లకు కండ్లద్దాల దుకాణమున్నది. పోయిన నెల కొంగు చుట్టుకున్న ఎవరో ఆడామె ఆ పిల్లకు బోణీ ఇచ్చి పోయింది. వారం తిరగక ముందే ఆ పిల్ల మొఖం గిట్లనే అయింది. ఆ నోటు ఇంకో దుకాణంల బోణీ అయితే గాని వదలదని ఎవరో చెప్పిండ్రంట. వాళ్లమ్మ సరోజన మొక్కుకొని, నోటు తన కండ్లకు కూడ అద్దుకొని, పట్టుకొని బయలెల్లింది. బస్టాండుల ఎండదెబ్బ తగిలి గాడనే పడిపోయింది. పిడికిలి ఎంత గుంజినా ఇప్పరాలేదు. అట్లనే దహనం చేసిండ్రు.

"ఎప్పుడు?"

"శుక్రవారమక్కా."

నా దుకాణానికి వచ్చింది సోమవారం.

"విజయ ఎట్లున్నదిప్పుడు?"

"సాఫ్ అయిందంట. సోమవారం పొద్దుగాల, పదింటి లోపటనే." తర్వాత తొందరతొందరగ అన్నడు, "అక్కా, నీకు దండం పెడ్త. నువ్వు మాత్రం నా దుకాణానికి రాకు. నాకూ పిల్లలున్నరు."

ఫోన్ పెట్టేసిండు. లక్ష్మి పటం కింద నోటు ఉన్నది. మడత దానంతట అదే ఇచ్చుకొని ఉన్నది. మాడిన అంచు చుట్టూ పటం చెక్క కూడ నల్లబడ్డది.

ఇగ నేను చేసింది చెప్త. తప్పని తెలుసు. తెల్వక చేసిన అంటే నా నోట్ల పురుగులు పడ్తయి. ఆ సరోజనను నేను ఆ రెండు రోజులూ తిట్టని తిట్టు లేదు. ఫోన్ పెట్టేసినంక ఒక్క తిట్టు కూడ రాలె.

గురువారం మొదటి బస్సుకు సూర్యాపేటకు ఎక్కిన. ఎవరూ గుర్తు పట్టొద్దని చత్వారం అద్దాలు తీసి ఇంట్ల పెట్టిన. కొంగు చెవుల మీదికెల్లి గదుమ దాక చుట్టుకున్న. అరల మిగిలిన పెద్ద కూలింగ్ గ్లాసులు ఒక జత సంచిల వేసుకున్న. బస్సు ఊర్ల పిల్లలతోని, కూరగాయల గంపలతోని నిండింది. కిటికీల నుంచి కాలువ నీళ్లు, కోసిన పొలాలు పోతున్నయి. పిడికిట్ల నోటు వెచ్చగ కొట్టుకుంటున్నది. తల్లీ, నా బిడ్డ కండ్లు దానికియ్యి, ఇంకేం అడగ అనుకున్న. అనుకుంట, పద్దెనిమిదేండ్ల అలవాటు, నోటు రెండు కండ్లకు గట్టిగ అద్దుకున్న. చేసినంక గుర్తొచ్చి మొఖమంత తడుముకున్న. కానీ ఏం కాలె. కొంగుతోని తుడుసుకొని కూలింగ్ గ్లాసులు పెట్టుకున్న.

సూర్యాపేటల పిల్లలున్న దుకాణం వద్దు, ముసలోళ్లున్నదైనా మంచిదే అని వెతికిన. అదొక్క పుణ్యమన్న చేద్దామని. ఒక గల్లీల కొత్త బోర్డు కట్టిన కండ్లద్దాల దుకాణం, అప్పటికి తెరిసింది అదొక్కటే. ఒక పిల్ల ఒక్కతే షట్టరు లేపి కౌంటరెనుక కూసున్నది. పేరు ప్రవళిక అని బోర్డు మీద రాసున్నది. నడుమ దాక కౌంటరు అడ్డమున్నది.

"రండక్కా, బోణీ మీదే" అని నవ్వింది.

ఏం అడిగిననో నాకే వినపడలె. కానీ అడిగిన. "ఆడోళ్లకు పెద్ద ఫ్రేము ఉన్నదా బిడ్డా?"

మంచి పిల్ల. నాలుగు రకాలు తీసింది. మీ మొఖం కోలగున్నది, గుండ్రటిది నప్పుతది అన్నది. నాకు తెల్వదా? మొదటిదే తీసుకొని నోటు ఇచ్చిన. ఆ పిల్ల దాన్ని రెండు కండ్లకు అద్దుకున్నది. తర్వాత లేసి నిలబడి, నోటు కడుపుకు అద్దుకున్నది.

ఏడో నెలనో, ఎనిమిదో నెలనో. కౌంటరు అడ్డముండి నాకు కనపడలె.

"ఇయ్యి బిడ్డా, ఆ నోటు ఇటియ్యి" అనాలె. నోటిదాక వచ్చింది. అనలె. దిగి వచ్చేసిన. గల్లీ మలుపు కాడ ఫోన్ మోగింది.

"అమ్మా! పోయింది! మొత్తం పోయింది! అద్దంల సూసుకున్న!" శిల్ప ఏడుస్తున్నది, నవ్వుతున్నది. నేను రోడ్డు మీదనే కూలబడ్డ. ఎవరో ముసలాయన నీళ్ల బాటిల్ ఇచ్చిండు. తాగి, కూలింగ్ గ్లాసులు తీసి సంచిల వేసుకొని, కొంగుతోని మొఖం తుడుసుకున్న. ఆ ముసలాయన నా దిక్కు సూసి, బాటిల్ మళ్లీ తీసుకోకుంటనే పోయిండు. ఎండ ఎక్కువైంది గావచ్చు అనుకున్న.

ఇల్లు చేరేసరికి రెండు గంటలు. గడపల శిల్ప నిలబడ్డది. రెండు కండ్లు తేటగ, కడిగినట్టున్నయి. వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. నేను దాని కనుబొమ్మలు, రెప్పలు, చెంపలు తడిమి తడిమి సూసిన. అన్నీ ఉన్నయి. నా బిడ్డ నాకు దక్కింది.

"ఇంటికొచ్చినవ్ గదనే," అన్నది నవ్వుకుంట. "ఇగనన్న ఆ పెద్ద అద్దాలు తియ్యి."

"తీసిన గద. సంచిల ఉన్నయి."

అది నవ్వి, సంచిల చెయ్యి పెట్టింది. కూలింగ్ గ్లాసులు బయటికి తీసింది. వాటి దిక్కు సూసింది. నా దిక్కు సూసింది.

దాని చెయ్యి నా చెవి కాడికి వచ్చింది. కాడ కోసం వెతుకుతున్నది. ఈ చెవి కాడ వెతికింది, ఆ చెవి కాడ వెతికింది. దాని వేళ్లు చల్లగున్నయి.

"అమ్మా..." అన్నది, వినీ వినపడనట్టు. "జర నవ్వు."

నవ్విన. శిల్ప నా చెంపల దిక్కే సూస్తున్నది. దాని నవ్వు ఆగిపోయింది.

దాని చేతిల ఆ అద్దాలున్నయి. నాకవి చిన్నగ కనపడ్డయి.